సణిగినవాళ్ళ చేతికే గరిటె

సంఘంలో ఐక్యత మీద ప్రసంగం ఏ ఆదివారం వస్తుందో ఇప్పుడు నాకు ముందే తెలిసిపోతుంది. ఆ వారం ఎవరో ఒకరు లెక్కలు అడిగి ఉంటారు. లేదంటే ఫలానా వాళ్ళబ్బాయికే ఎప్పుడూ కీబోర్డు ఎందుకిస్తున్నారని ఎవరో గొణిగి ఉంటారు. లేదంటే ఒక ఇంటివాళ్ళు మన ఆరాధన మానేసి, పక్క వీధిలో షట్టర్ గదిలో జరిగే ప్రార్థనకు వెళ్తూ కనబడి ఉంటారు. అంతే, అయ్యగారు యోహాను సువార్త పదిహేడో అధ్యాయం తీస్తారు. తనవాళ్ళందరూ ఏకమై ఉండాలని ప్రభువు తాను పట్టుబడబోయే రాత్రి చేసిన ప్రార్థన అది. వింటే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి. ఆ తర్వాత నలభై నిమిషాల ప్రసంగం ఎవరి మీదికి వెళ్తోందో మాత్రం చివరి బెంచీలో కూర్చున్న పిల్లలకు కూడా తెలుసు. అడిగినవాళ్ళ మీదికి.

ఐక్యత అంటే నాకు ఇష్టమే. ఇష్టం కాబట్టే దాన్ని ఇలా వాడుకుంటుంటే ఒళ్ళు మండుతుంది. సణిగేవాళ్ళ నోరు మూయించి తెచ్చుకున్న నిశ్శబ్దానికి మన సంఘాల్లో ఐక్యత అని పేరు పెట్టుకున్నాం. యెరూషలేములోని మొదటి సంఘం ఇందుకు పూర్తిగా తలకిందులైన పని చేసింది. సణిగినవాళ్ళ చేతికే గరిటె ఇచ్చింది. దాని గురించే ఈ వ్యాసం.

మా సంఘం ఉత్తర చెన్నైలో ఉంది. పేరూ, మిషనూ చెప్పను. చెబితే ఇది ఫలానా సంఘం గొడవగా మిగిలిపోతుంది. గుంటూరులోనో బెంగళూరులోనో ఇది చదివేవాళ్ళకు తమ సంఘమే గుర్తుకొస్తే నాకు చాలు.

ముందు సిద్ధాంత భేదాల సంగతి చూద్దాం. ఐక్యత అనగానే అందరి దృష్టీ అటే పోతుంది కదా. నేను ఒంగోలు దగ్గర బాప్టిస్టుల ఇంట్లో పుట్టాను. మా ఆయనది గుంటూరు జిల్లా, లూథరన్లు. మా రెండు కుటుంబాల్లో ఎవరూ వాక్యం పరిశోధించి తేల్చుకున్నదేమీ లేదు. అప్పటి మిషన్లు ఒకరి దారికి ఒకరు అడ్డం రాకుండా జిల్లాలు పంచుకున్నాయి. నెల్లూరు, ఒంగోలు అమెరికన్ బాప్టిస్టులవి. గుంటూరు అమెరికన్ లూథరన్లది. బందరు వైపు ఆంగ్లికన్ల (ఇంగ్లండు సంఘం వాళ్ళ) చర్చ్ మిషనరీ సొసైటీ, కాకినాడ వైపు కెనడా బాప్టిస్టులు, కడపలో లండన్ మిషన్, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు. తాతగారు ఏ జిల్లాలో ఉంటే మనవలకు ఆ సిద్ధాంతం. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో కాక ఇంకో ఊళ్ళో మకాం పెట్టి ఉంటే, చిలకరింపు బాప్తిస్మం సరైనదని మా అత్తగారు నాతో ఇన్నేళ్ళు వాదించాల్సిన అవసరమే ఉండేది కాదు.

సొంత జిల్లాలో ఉన్నంతకాలం ఎవరి చర్చి వాళ్ళది. చెన్నై వచ్చాక అలా కుదరదు. మన పేటలో తెలుగు ఆరాధన ఒకటి దొరికితే అదే గొప్ప. అందుకని ఒంగోలు బాప్టిస్టు, గుంటూరు లూథరన్, కడప సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), బక్త్ సింగ్ గారి సహవాసంలో పెరిగినవాళ్ళు (ఆ సహవాసాలు మొదలైంది కూడా 1941లో ఈ మద్రాసులోనే) ఒకే బెంచీ మీద సర్దుకుంటారు. తగాదాలు రాకపోలేదు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా వద్దా అన్నది కొన్నాళ్ళు నడిచింది. కావాలన్నవాళ్ళ పిల్లలకు చిలకరించండి, వద్దన్నవాళ్ళ పిల్లలను ప్రతిష్ఠ చేసి పెద్దయ్యాక ముంచండి అని తేల్చారు. చప్పట్లు కొట్టి పాడాలా, నిలబడి కీర్తన పుస్తకం చూసి పాడాలా అంటే మొదటి రెండు పాటలు ఒక రకం, తర్వాతివి ఇంకో రకం అన్నారు. కీర్తనల పుస్తకం ఎలాగూ లూథరన్లకూ బాప్టిస్టులకూ సి.ఎస్.ఐ. వాళ్ళకూ ఒకటే. ప్రభురాత్రి భోజన సంస్కారంలో అందరికీ ఒకే గిన్నెనా, చిన్న చిన్న గ్లాసులా అన్న పెద్ద తగాదాను కొవిడ్ వచ్చి తీర్చేసింది. వేదాంత కళాశాలల్లో పుస్తకాలకు పుస్తకాలు రాసిన విషయాలు మా దగ్గర ఆరాధన తర్వాత టీ తాగేలోపు తేలిపోయాయి. నిజం చెప్పాలంటే అవి ఎవరికీ అంత పట్టింపు లేని విషయాలు.

అసలు గీత ఇంకోచోట ఉంది. మా సంఘంలో రెండు తెలుగులు కూర్చుంటాయి. ఒకటి పాత మద్రాసు తెలుగు. తాతల కాలంలో నెల్లూరు, ఒంగోలు పల్లెల నుంచి వచ్చి కార్పొరేషన్‌లో పారిశుద్ధ్య పనికి, రైల్వేలో, హార్బరులో కూలికి కుదిరినవాళ్ళ పిల్లలూ మనవలూ వీళ్ళు. మాటల్లో ‘రొంబ’, ‘సీక్కిరం’ లాంటి తమిళ మాటలు దొర్లుతుంటాయి. బళ్ళో తమిళం చదివారు కాబట్టి తెలుగు కీర్తనల్ని తమిళ లిపిలో నోటుపుస్తకాల్లో రాసుకుని పాడతారు. పదహారు చరణాల కీర్తన అయినా పుస్తకం చూడకుండా పాడే అవ్వలున్నారు. రెండో తెలుగు మాది. బ్యాంకు ఉద్యోగాలకో సాఫ్ట్‌వేరుకో వచ్చి, అపార్టుమెంట్లలో ఉండి, కార్లలో వచ్చి దిగేవాళ్ళం.

మేమొచ్చేసరికే చర్చి ఉంది. స్థలం సంపాదించిందీ, గోడలు లేపిందీ, వాన పడితే కారే రేకుల కింద ఏళ్ళ తరబడి పాడిందీ వాళ్ళు. మేమొచ్చాక ఏసీ వచ్చింది, ప్రొజెక్టరు వచ్చింది, కమిటీలో కుర్చీలు కూడా ఒక్కొక్కటే మా వైపు జరిగాయి. ఎవరూ కుట్ర చేయలేదు. కోత పండుగ రోజు మా చర్చి ఆవరణలో నిలబడితే ఇది ఎలా జరిగిందో అర్థమవుతుంది. చెన్నైలో కోతేమిటని అడక్కండి, కొత్తిమీర కట్ట కూడా కోయంబేడు నుంచే రావాలి. అయినా పండుగ పండుగే. ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు, ఆరాధన తర్వాత వేలం. పెరట్లో కాసిన నాలుగు మునక్కాయలు ఒక అవ్వ తెచ్చి పెడుతుంది. పాట రెండు వందల దగ్గర మొదలవుతుంది, ఎవరో అయిదు వందలంటారు, ఇంకెవరో రెండు వేలంటారు, చప్పట్లు. గుమ్మడికాయ దగ్గరికొచ్చేసరికి పెద్ద ఉద్యోగస్తులిద్దరికి పంతం వస్తుంది. సంఘానికి డబ్బొచ్చింది, అందరూ నవ్వారు, తప్పేముంది? తప్పని నేనూ అనను. కానీ వేలంపాట పాడలేనివాళ్ళు ఆ గంటసేపూ గోడకు ఆనుకుని నిలబడతారు. ఆ తర్వాతి కమిటీ ఎన్నికల్లో ఎవరిని నిలబెడదామన్నప్పుడు అందరికీ గుర్తొచ్చే పేర్లు గుమ్మడికాయ పాడినవాళ్ళవే. మునక్కాయలు తెచ్చిన అవ్వ పేరు గుర్తొచ్చే అవకాశం ఎక్కడుంది?

ప్రార్థన మనవుల సంగతీ అంతే. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పారిశుద్ధ్య పనిని ప్రైవేటు వాళ్ళకు అప్పగించొద్దని కార్మికులు చెన్నై కార్పొరేషన్ ఆఫీసు రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి బైఠాయించారు. ఒక అర్ధరాత్రి పోలీసులు వాళ్ళను అక్కడినుంచి లేపి బస్సుల్లో ఎక్కించి తీసుకెళ్ళారు. చెన్నైలో ఆ పని చేసేవాళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. మా సంఘంలోనూ ఉన్నాయి. ఆ ఆదివారం మా ప్రార్థన మనవుల్లో ఒకరి అమెరికా వీసా ఇంటర్వ్యూ ఉంది, ఒకరి కొత్త ఫ్లాటు రిజిస్ట్రేషన్ ఉంది, ఒకరి మోకాలి ఆపరేషన్ ఉంది. రిప్పన్ బిల్డింగ్ లేదు. కావాలని వదిలేశారని నేననుకోను. ఆ మనవుల కాగితం రాసే ఆయనకు అక్కడ కూర్చున్నవాళ్ళెవరూ తెలియదు, అంతే. ఒకే కప్పు కింద పదేళ్ళు కూర్చుని ఒకరి ఇంటి కష్టం ఒకరికి తెలియకుండా ఉండగలగడం కూడా ఒక రకం చీలికే. అది రిజిస్టరులో ఎక్కడా కనబడదు.

ఇక విధవరాండ్ర సహాయ నిధి దగ్గరికి వస్తాను. ప్రతి క్రిస్మస్‌కూ మా సంఘంలో విధవరాండ్రకు చీర, బియ్యం, కొంత డబ్బు ఇస్తారు. జాబితా కమిటీ చేతిలో ఉంటుంది. ఒక ఏడాది పాత కుటుంబాల నుంచి కొన్ని పేర్లు పోయాయి. కొడుకులు సంపాదిస్తున్నారు కదా అన్నది కారణం. ఆ కొడుకుల్లో ఇద్దరు కాంట్రాక్టు పని పోయి ఇంట్లో కూర్చున్నారన్నది జాబితా తయారు చేసినవాళ్ళకు తెలియదు. పేరు పోయిన ఒక పెద్దావిడ సెమీ క్రిస్మస్ రోజు భోజనాల దగ్గర గట్టిగానే అడిగింది: “జాబితా ఎవరు రాసినారు, నా ఎదర చదవండి.” అందరూ సర్దిచెప్పారు. ఆ తర్వాతి ఆదివారం ఏ అధ్యాయం తీశారో ఈపాటికి మీరు ఊహించే ఉంటారు.

మా అయ్యగారు మంచి మనిషి. రాత్రి రెండింటికి ఫోన్ చేసినా స్టాన్లీ ఆసుపత్రికి పరుగెత్తుకొస్తారు. కానీ ఆయన జీతం, ఆయన పిల్లల ఫీజులకిచ్చే సాయం కమిటీ చేతిలో ఉన్నాయి. ప్రసంగం కమిటీ మీదికి కాక ఆ పెద్దావిడ మీదికి వెళ్ళిందంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆయన స్థానంలో నేనున్నా ధైర్యం చేసేదాన్నో లేదో.

నాకు ఆశ్చర్యం అనిపించేది ఇంకొకటి. రెండు వేల ఏళ్ళ తర్వాత కూడా మనం సరిగ్గా అదే జాబితా దగ్గర తట్టుకుని పడ్డాం. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయం తీయండి. యెరూషలేము సంఘంలో రోజూ జరిగే భోజనాల పంపిణీలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడే యూదులు హెబ్రీయుల మీద సణగడం మొదలుపెట్టారు. ఒకే జాతి, ఒకే దేవుడు, ఒకే బాప్తిస్మం, రెండు భాషలు. ఊరివాళ్ళూ, బయటినుంచి వచ్చినవాళ్ళూ. అక్కడ పెత్తనం ఊరివాళ్ళది, మా దగ్గర వలస వచ్చినవాళ్ళది, అదొక్కటే తేడా.

ఆ ఫిర్యాదు విన్న పన్నెండుమంది అపొస్తలులు ఎవరు? మేడగదిలో ఆ రాత్రి యోహాను పదిహేడో అధ్యాయం ప్రార్థనను చెవులారా విన్నవాళ్ళు, పోయిన యూదా బదులు ఎన్నుకున్న ఒక్క మత్తీయ తప్ప. ఐక్యత గురించి ప్రసంగించే హక్కు భూమ్మీద ఎవరికైనా ఉందంటే వాళ్ళకే ఉంది. “ప్రభువు మా ఎదుటే ప్రార్థించాడు, మీరు ఇలా సణగవచ్చా” అంటే ఎదురు చెప్పేవాళ్ళెవరు? వాళ్ళు ఆ పని చేయలేదు. సంఘాన్నంతా పిలిచారు. మీలోనుంచి ఏడుగురిని ఏర్పరచుకోండి, వాళ్ళను ఈ పనికి నియమిస్తాం అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఆ కాలంలో గ్రీకు పేర్లు పెట్టుకున్న హెబ్రీయులూ ఉండేవారు, అది నిజమే. కానీ ఏడింటికి ఏడూ అవే రావడం, అందులో ఒకతను యూదుల మతంలో కలిసిన అంతియొకయవాడు కావడం ఏదో యాదృచ్ఛికంగా జరిగిందని నమ్మడం నాకు కష్టం. ఏ పక్షం సణిగిందో ఆ పక్షం చేతికే పంపిణీ మొత్తం వెళ్ళింది. వాళ్ళ విధవరాండ్రదే కాదు, హెబ్రీయుల విధవరాండ్రది కూడా.

ఇంకో చిన్న సంగతి. అంతకు రెండు అధ్యాయాల ముందు, పొలాలు అమ్మినవాళ్ళు డబ్బు తెచ్చి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టేవారని ఉంటుంది. అంటే పంపిణీ వాళ్ళ చేతిలోనే ఉండేది. సణుగుడు ఒక రకంగా వాళ్ళ మీదే. విచారణ కమిటీ వేశారని, లెక్కలు చూసి ఫిర్యాదు అబద్ధమని తేల్చారని ఆ పుస్తకం రాసిన లూకా ఎక్కడా రాయలేదు. చేతిలోది వదిలేశారు. ఆ వెంటనే శిష్యుల సంఖ్య యెరూషలేములో బహుగా విస్తరించిందన్న వాక్యం వస్తుంది. బ్యాంకులో పనిచేసే మనిషిగా చెబుతున్నాను, సంతకం పెట్టే అధికారాన్ని ఇలా అడిగినవాళ్ళకే బదిలీ చేయడం లోకంలో నేనెక్కడా చూడలేదు.

కొరింథులోనూ అంతే. నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అని అక్కడ గుంపులు కట్టిన సంగతి పౌలుకు ఎలా తెలిసింది? క్లోయె ఇంటివారు చెప్పారు, ఆ మాట ఆయనే రాశాడు. సంఘం సంగతులు బయటికి మోస్తారా అని ఆయన క్లోయె ఇంటివారిని కసిరినట్టు ఎక్కడా లేదు. కసిరింది గుంపులు కట్టినవాళ్ళను.

“అదంతా బైబిలు కాలం, ఇప్పుడెలా కుదురుతుంది” అంటారేమో. మా ఇంటి నుంచి మెట్రోలో వెళ్ళగలిగినంత దూరంలో దానికో జవాబుంది. కెథీడ్రల్ రోడ్డులోని సెయింట్ జార్జి కెథీడ్రల్. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన నెలన్నరకు, 1947 సెప్టెంబరు 27న, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే ప్రెస్బిటేరియన్లూ కాంగ్రిగేషనలిస్టులూ కలిసి ఏర్పరచుకున్న దక్షిణ ఇండియా ఐక్య సంఘం వాళ్ళు అక్కడ ఒక్కటై సి.ఎస్.ఐ. అయ్యారు. దీనికి బీజం పడింది 1919లో తమిళ తీరంలోని తరంగంబాడిలో. ముప్ఫైముగ్గురు సంఘ నాయకులు కూర్చున్నారు, ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఈ చీలికలు మనం పుట్టించినవి కావు, బయటినుంచి వచ్చిపడ్డవి, వీటిని కొనసాగించాలన్న కోరిక మనకు లేదు అని ప్రకటించారు. మా జిల్లాల పంపకం సంగతి పైన చెప్పాను కదా, దానికి ఇంతకంటే సూటిగా జవాబు చెప్పినవాళ్ళు లేరు.

ఆ ప్రకటన నుంచి కెథీడ్రల్‌లో ఆ ఆరాధన దాకా ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. నాకు నచ్చేది ఆ ఇరవై ఎనిమిదేళ్ళే. ఒకరినొకరు కౌగిలించుకుని పాటలు పాడుకుంటూ గడపలేదు ఆ కాలాన్ని. బిషప్పు చేతుల మీదుగా అభిషేకం పొందని పాస్టర్లను ఏం చేయాలి? మళ్ళీ అభిషేకించాలా? అక్కర్లేదు, ఎవరున్నట్టు వాళ్ళను తీసుకుందామన్నారు. ఒక సంఘానికి మనస్సాక్షి ఒప్పని పాస్టరునో ఆరాధన పద్ధతినో బలవంతంగా రుద్దబోమని ప్రమాణం రాసుకున్నారు. తేలని విషయాలకు ముప్ఫై ఏళ్ళ గడువు పెట్టుకున్నారు. అంటే ప్రతి సణుగుడుకూ ఒక నిబంధన వచ్చింది. అప్పటికీ అందరూ చేరలేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది దూరంగానే ఉండిపోయి చాలా ఏళ్ళకు గానీ రాలేదు. తెలుగు బాప్టిస్టులూ ఆంధ్రా లూథరన్లూ ఈనాటికీ వేరే. ఆ సి.ఎస్.ఐ.లోనే ఇప్పుడు ఎన్నికల తగాదాలు హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్తున్నాయి కదా అని మీరంటే, అవును, వెళ్తున్నాయి. ఒకసారి సంతకాలు పెట్టేస్తే ఎప్పటికీ ఉండిపోయేదైతే ఇంత రాయాల్సిన పనే లేదు.

ఈ కథకు వెన్నెముకగా నిలిచిన అజరయ్య గారిని మన తెలుగువాళ్ళం ఇంకా ఎక్కువగా తలుచుకోవాలి. తిరునెల్వేలి వైపు తమిళుడు. తెలుగు నేర్చుకుని దోర్నకల్ వచ్చి, 1912లో ఆంగ్లికన్లలో మొదటి భారతీయ బిషప్పయ్యారు. మాల, మాదిగ పల్లెల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా తిరిగారు. తరంగంబాడిలో ముందు నిలిచిన ఆయనే 1945 జనవరి 1న, ఆ ఐక్యత చూడకుండానే పోయారు. 1910లో ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ సభలో ఆయన మాట్లాడింది మా కోత పండుగకు సరిగ్గా సరిపోతుంది. మీరు బీదలకు ఆస్తులిచ్చారు, మీ శరీరాలను కూడా ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులనివ్వండి అన్నారు తెల్లదొరలతో. చీరా బియ్యమూ ఇచ్చేవాళ్ళం, జాబితా రాసేవాళ్ళం అయిన మేము ఆ దొరల కుర్చీల్లోకి ఎప్పుడు చేరామో మాకే తెలియలేదు.

కులం మాట ఎత్తకుండా ఈ వ్యాసం ముగించవచ్చు. చాలామంది అలాగే ముగిస్తారు. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ చేసుకునే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నిజానికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదాయే లేదు. ఆంధ్రలో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళు బీసీ-సి కిందికి వస్తారు. కాగితం మీద అలా ఉంది. మా సంఘం వాట్సాప్ గ్రూపులో మాత్రం ఆ తీర్పు మీద నిప్పులు రాలాయి. మాల ఇళ్ళవాళ్ళు ఒకటి, మాదిగ ఇళ్ళవాళ్ళు ఒకటి పెట్టారు. రెండోరోజుకు అడ్మిన్ గారు గ్రూపును మూసి, “రాజకీయాలు వద్దు, క్రీస్తులో మనమంతా ఒక్కటే” అని పెట్టి, కింద చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఆయన ఈ రెండు కులాలవారూ కాదు. ఆ గ్రూపులో ఆ తీర్పు వల్ల ఇంట్లో ఏమీ మారనివాళ్ళలో ఆయనొకరు. మనమంతా ఒక్కటే అనడం ఎవరికి తేలిక అన్నది చూడండి.

క్రైస్తవ సంబంధాల గ్రూపులు చూశారా? ఫొటో కింద మొదటి పంక్తిలో రక్షణ సాక్ష్యం, రెండోదాంట్లో జీతం, మూడోదాంట్లో కులం. ‘ఆత్మీయ కుటుంబం, కమ్మ క్రిస్టియన్’. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె, పెళ్ళి దగ్గరికొచ్చేసరికి ఎవరి కుంపటి వాళ్ళది. ఇది మార్చాలని ప్రసంగం చేసిన పాస్టరును నేను చెన్నైలో చూశాను. ఆయన కొడుకు పెళ్ళి కూడా చూశాను. అంతకు మించి చెప్పను.

మా ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గారి కథ చిన్నప్పటి నుంచీ విన్నాను. 1860ల్లో బడికి వచ్చే పై కులాలవాళ్ళు, మాదిగలను చేర్చుకుంటే మేం రామన్నారు. దొరకూ దొరసానికీ దిక్కు తోచలేదు. ఇద్దరూ వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం తగిలిందట, లోకంలో నీచులను దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాటలు. మాదిగలను చేర్చుకున్నారు. పై కులాలవాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రోజుకు చూస్తే ఉన్న కలయిక చెడింది. పదేళ్ళు దాటాక, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకుముందు కరువులో వాళ్ళకు కూలి దొరకాలని దొర కాంట్రాక్టు తీసుకుని తవ్వించింది బకింగ్‌హామ్ కాలువలో ఒక ముక్క. అదే కాలువ మా చెన్నైలో కంపు కొడుతూ పారుతుంది. మా సంఘంలో పాతవాళ్ళు కొందరి ఇళ్ళు దాని ఒడ్డునే ఉన్నాయి. ఒకరిని బయట నిలబెడితేనే ఒక్కటిగా ఉంటాం అనేవాళ్ళ ఐక్యత పోతే పోనీ అని ఆ దంపతులు తెగించారు. ఆ తెగింపు వల్లే నేనీరోజు క్రైస్తవురాలిని.

అలాగని చీలిపోయిన ప్రతివాళ్ళూ న్యాయం కోసమే చీలారని నేననను. పక్క వీధి షట్టర్ గదికి వెళ్ళిన మా వాళ్ళను పలకరించడానికి వెళ్ళాను. అక్కడ కానుకల పెట్టె తాళం పాస్టరు గారి బావమరిది మొలతాడుకు ఉంది. పైగా పోయిన నెలే అక్కడినుంచి ఇంకో ముక్క విడిపోయింది. అడిగినవాళ్ళకు జవాబు చెప్పడం నేర్చుకోని సంఘం ఎన్ని ముక్కలైనా ప్రతి ముక్కా అలాగే ఉంటుంది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన అభ్యంతరం ఒక్కటే. “బయట చర్చిల మీద రాళ్ళు పడుతున్న రోజుల్లో, ప్రార్థన కూడికలు ఆపుతున్న రోజుల్లో, లోపల ఈ గొడవలేంటమ్మా? ముందు ఒక్కటిగా నిలబడాలి కదా” అని మా మామగారి వయసున్న ఒక పెద్దాయన అడిగారు. ఆయన భయం ఉత్తుత్తి భయం కాదు. నేను చాలా రోజులు ఆలోచించాను. బయటి ఒత్తిడి మా అపార్టుమెంటు మెట్లెక్కి రావడం తక్కువ. వచ్చేది ఇరుకు సందులో ఇంటి ప్రార్థన పెట్టుకునేవాళ్ళ మీదికి, శవాన్ని పాతిపెట్టడానికి చోటు దొరకనివాళ్ళ మీదికి. ముందు దెబ్బ తినేది వాళ్ళే అయినప్పుడు, వాళ్ళ మాట చెల్లని సంఘం వాళ్ళ పక్కన ఎలా నిలబడుతుంది? యెరూషలేము సంఘం కూడా ప్రశాంతంగా ఉన్న రోజుల్లో ఈ పని చేయలేదు. ఐదో అధ్యాయంలో అపొస్తలులు దెబ్బలు తిని వచ్చారు, ఏడో అధ్యాయంలో స్తెఫనును రాళ్ళతో కొట్టి చంపారు. గరిటె చేతులు మారింది ఆ రెండింటి మధ్యన.

అందుకని నేను మా జనరల్ బాడీకి ఒక ప్రతిపాదన రాశాను. విధవరాండ్ర నిధి జాబితా, ఆ నిధి తాలూకు పాస్‌బుక్కు, రెండూ పాత కుటుంబాల్లోని ముగ్గురు స్త్రీలకు అప్పగించాలి. ఆ ముగ్గురిలో సెమీ క్రిస్మస్ రోజు గట్టిగా అడిగిన పెద్దావిడ ఒకరుగా ఉండాలి. కమిటీకి అందులో పేరు చేర్చే, తీసే అధికారం ఉండకూడదు. ప్రార్థన మనవుల కాగితం కూడా వాళ్ళ వీధుల నుంచి రావాలి. కోత పండుగ వేలం జోలికి పోలేదు, ఒకేసారి అన్ని తేనెపట్లూ కదపడమెందుకని.

కమిటీలో ఒకాయన చదివి, “ఆలోచన బాగానే ఉంది గానీ, వాళ్ళకు లెక్కలు రావు కదమ్మా” అన్నారు. ఆ పెద్దావిడ తన వీధిలో పాతికేళ్ళుగా చీటీ పాట నడుపుతోంది. పాడుకున్నవాళ్ళకు డబ్బు ఆలస్యమైన నెల లేదు, నోటి లెక్కే. మా కోశాధికారి గారు పోయిన క్రిస్మస్ లెక్క ఈస్టరు దాటాక చూపించారు, అదీ కంప్యూటరులో. ఈ సంగతి ఆయనకు చెప్పాను. నవ్వి ఊరుకున్నారు.

అయ్యగారికి కాగితం ఇస్తే రెండుసార్లు చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ముందు దీని గురించి ప్రార్థన చేద్దామమ్మా” అన్నారు.

“చేద్దామండీ, ఎజెండాలో చేర్చాక చేద్దాం” అన్నాను.